మణికట్టు మీద మిరియం

పాతబస్తీలో అత్తరు బేరమాడుతుంటే దుకాణం పెద్దాయన గాజుపుల్ల సీసాలో ముంచి నా మణికట్టు మీద రాశాడు. గుప్పున మిరియాల ఘాటు, అప్పుడే రోట్లో దంచినట్టు! కాసేపటికి పైపై చురుకు పోయింది. సాయంత్రం మళ్లీ వాసన చూస్తే పాత చెక్కబీరువా తలుపు తీసినట్టుంది. విచిత్రమేమిటంటే, ఆ చెక్కలోనూ మిరియం ఉంది.

ఏం కలిపారని అడిగితే ముందుగా ఆయన చెప్పిన పేరు నాగర్‌మోతా. అంటే మన తుంగముస్తలు. చేలల్లో కలుపని తిట్టుకుంటూ పీకేసే తుంగే! దాని నల్లటి గడ్డను గోటితో గీరి చూడండి, నా అత్తరు సగం అక్కడే దొరుకుతుంది.

మిరియాల ఘాటు పైపరిన్ వల్ల అని బడిలో చెప్పి ఊరుకుంటాం. అది నాలుక సంగతి. పైపరిన్ గాల్లోకి లేవదు, ముక్కుదాకా రాదు. వాసన పని వేరేవాళ్లది. మిరియంలోని లిమొనీన్, పైనీన్‌లలో పదేసి కార్బన్లు, అణుభారం 136. తేలిక కాబట్టి ఒంటి వేడికి ముందే ఎగిరిపోతాయి. వెనక మిగిలేది రోటండోన్: 15 కార్బన్లు, అణుభారం 218. గంధంలోని శాంటలాల్‌ది 220. ఇవి రెండూ దాదాపు ఒకే బరువు, అందుకే చెక్క వాసన నిలిచినంతసేపూ మిరియమూ నిలుస్తుంది.

ఈ రోటండోన్ మీద నాకు చెప్పలేనంత మోజు. 1967లోనే తుంగగడ్డల్లో దొరికింది. సైపరస్ రోటండస్ అనే మొక్క పేరే దానికీ పెట్టారు. మిరియపు వాసన దానిదేనని తేలింది మాత్రం 2008లో, ఆస్ట్రేలియాలో షిరాజ్ వైన్‌కు మిరియాల వాసన ఎందుకొస్తుందో వెతుకుతుంటే! నలభై ఏళ్లు పేరుండీ పని తెలియని పదార్థం. లీటరు నీళ్లలో 8 నానోగ్రాములుంటే చాలు, ముక్కు పట్టేస్తుంది. డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు 8 మైక్రోగ్రాములన్నమాట. సన్న ఉప్పురవ్వ ఒకటి సుమారు 60 మైక్రోగ్రాములుంటుంది. అంత రోటండోన్‌తో ఏడు ట్యాంకుల నీళ్లకు మిరియపు వాసన పట్టించొచ్చు!

అయితే ఆ పరిశోధనలో వాసన చూసినవాళ్లలో సుమారు ఐదోవంతు మందికి, దానికి వందల రెట్లు కలిపిచ్చినా ఏమీ తెలియలేదు. జలుబు కాదు, ముక్కుకు జబ్బూ లేదు. ఆ ఒక్క అణువు మాత్రం వాళ్లకు అందదు.

ఇది చదివాక అత్తరు అక్క చేతికీ రాశాను. రెండుసార్లు గట్టిగా పీల్చి, "మిరియాలెక్కడున్నాయిరా? ఉత్త చెక్క వాసన" అంది. చారులో మిరియాలు తగ్గితే మొదట పట్టేది తనే, కానీ అది నాలుకతో. పెరట్లో తుంగగడ్డ తవ్వి, కడిగి, గీరి ఇచ్చాను.

"మట్టి వాసన" అంది.