గడువు లేని ఐసొలేషన్ చెల్లుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: అంటువ్యాధి వస్తే హక్కులు పక్కకు తప్పుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ తర్వాత, ఎమర్జెన్సీలో కూడా 21వ అధికరణ కింద ఉన్న వ్యక్తిగత స్వేచ్ఛను నిలిపివేయడానికి వీల్లేదు. ప్రజాప్రయోజనం కోసం సంచార స్వేచ్ఛకు సహేతుకమైన పరిమితి పెట్టవచ్చని 19వ అధికరణ అంటుంది. కోర్టుల్లో హక్కుల న్యాయవాదులమైన మా పేచీ అంతా ఏది సహేతుకమన్న దగ్గరే.

అపోహ: అంటుకునే రోగమైతే చాలు, మనిషిని విడిగా ఉంచవచ్చు.

వాస్తవం: ఎలా అంటుకుంటుందో ముందు చూడాలి. 1989లో గోవాలో రక్తదాత డొమినిక్ డిసౌజాకు హెచ్ఐవీ ఉందని తేలితే, పోలీసులు తీసుకువెళ్లి పాత క్షయ ఆసుపత్రిలో పెట్టారు. 64 రోజులు! గాలిలో పాకని వైరస్‌కు ఆ కాపలా ఎందుకో ఎవరూ చెప్పలేదు. తల్లి లూసీ కోర్టుకెక్కితే హెచ్ఐవీ ఉన్నవారిని వేరుగా ఉంచవచ్చన్న గోవా చట్ట నిబంధననే బొంబాయి హైకోర్టు సమర్థించింది. ఆ తీర్పు తీసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అలా వేరుచేయడాన్ని వివక్షగా నిషేధించడానికి 2017 హెచ్ఐవీ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

కుష్ఠు సంగతి మరీ ఘోరం. బిచ్చమెత్తుకునే రోగిని వారంటు లేకుండా పట్టుకోవచ్చని 1898 చట్టం పోలీసులకు చెప్పింది. సంపాదన ఉన్న రోగి జోలికి మాత్రం పోవద్దట; క్రిమికి ఆస్తిపాస్తులు తెలుసు కాబోలు. వ్యాప్తిని త్వరగా ఆపే బహుళ ఔషధ చికిత్సను 1981లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినా, ఆ చట్టం రద్దయింది 2016లో.

అపోహ: బలవంతపు ఐసొలేషన్ ఎప్పుడూ హక్కుల ఉల్లంఘనే.

వాస్తవం: మా వాళ్లలోనే కొందరు అనే మాట ఇది, ఒప్పుకోను. మందులకు లొంగని క్షయతో, చికిత్స వద్దంటూ జనంలో తిరిగే వ్యక్తిని కొన్నాళ్లు ఆపక తప్పకపోవచ్చు. అయితే చట్టం ఆధారం ఉండాలి, అంతకన్నా తేలిక మార్గం లేదని తేలాలి. హక్కులకు ఎప్పుడు, ఎంత పరిమితి పెట్టవచ్చో అంతర్జాతీయ నిపుణులు రాసిన 1984 సిరాక్యూజా సూత్రాలు చెప్పేదీ ఇదే. హెచ్ఐవీ ఉన్న వ్యక్తిని నిర్బంధించిన కేసులో 2005లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం స్వీడన్‌ను తప్పుపట్టిందీ తేలిక మార్గాలు ముందు చూడనందుకే.

ఐసొలేషన్ ఉత్తర్వు చేతికొస్తే నేను మొదట గడువు వెతుకుతాను. ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని కనిపిస్తే అక్కడే ఎర్రగీత. తర్వాత సెక్షన్, సంతకం, మళ్లీ పరీక్ష చేసే తేదీ. 1897 అంటువ్యాధుల చట్టంలో నిర్బంధంపై అప్పీలు ఊసే లేదు కాబట్టి, హైకోర్టులో రిట్ వేయడమే దారి.

అపోహ: రోగి ఇంటికి పోస్టరు అంటిస్తే ఊరికి మేలు.

వాస్తవం: దానికి భయపడి పరీక్షకే రానివారు పెరుగుతారు. అధికారి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కోవిడ్ రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించరాదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.