అర్జెంటీనా గురించి అపోహలు - వాస్తవాలు: సోయా నూనె కొనేవాడి మాట

కాకినాడలో ఒక వంటనూనెల రిఫైనరీకి ముడి సోయా నూనె కొనిపెట్టే పని నాది. పదిహేడేళ్లుగా ఇదే పని. మన దేశానికి వచ్చే సోయా నూనెలో పెద్ద వాటా అర్జెంటీనాది. అక్కడ వాన పడిందా, సమ్మె మొదలైందా, డాలరు ఎంత పలుకుతోందీ అన్నవి నాకు ఇంటి సంగతుల్లాంటివి. మనవాళ్లకేమో ఆ దేశం అంటే మెస్సీ, లేదంటే 'దివాలా తీసిన దేశం'. టోకు వ్యాపారులు, బంధువులు, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను పదేపదే అడిగేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: అర్జెంటీనా కరెన్సీ పెసో పడిపోతే సోయా నూనె మనకు చవగ్గా దొరుకుతుంది

మొదట్లో నేనూ ఇలాగే నమ్మాను. పెసో జారుతోంది కదా, రెండు వారాలు ఆగితే ధర దిగుతుందని మా యజమానికి చెప్పాను. ఆగాం. ధర దిగలేదు సరికదా, సరుకే దొరకలేదు. ట్యాంకులు అడుగంటాక ఎక్కువ పెట్టి కొన్నాం.

మన ఒప్పందాలన్నీ డాలర్లలోనే. ధరకు మూలం అమెరికాలోని చికాగో ఫ్యూచర్స్, అంటే రాబోయే నెలల సరుకుకు అక్కడి ఎక్స్ఛేంజీలో ముందే పలికే ధర. దాని మీద అర్జెంటీనా రేవులో కొంత ప్రీమియమో డిస్కౌంటో కలుస్తుంది. పోటీగా పామాయిల్ ధర ఎప్పుడూ పక్కనే ఉంటుంది. పెసో విలువకు ఇందులో నేరుగా చోటు లేదు. దాని ప్రభావం రైతు దగ్గర మొదలవుతుంది, అదీ మనం అనుకున్నదానికి ఎదురుగా.

అక్కడి రైతు కోసిన సోయా గింజల్ని సిలో బ్యాగుల్లో నింపి పొలంలోనే పెట్టుకుంటాడు. తెల్లటి పొడవాటి ప్లాస్టిక్ గొట్టాలవి, ఒక్కోదాంట్లో దాదాపు 200 టన్నులు పడతాయి. అమ్మితే చేతికొచ్చేది పెసోలు. పెసో రేపు ఇంకా పడుతుందనిపిస్తే ఎందుకమ్ముతాడు? గింజ డాలరు లాంటిది, దాచుకుంటాడు. అందరూ దాచుకుంటే నూనె మిల్లులకు గింజ ఉండదు, మనకు నూనె ఉండదు. 2022 సెప్టెంబరులో ప్రభుత్వం సోయా అమ్మేవాళ్లకు మాత్రం డాలరుకు 200 పెసోలు లెక్కగట్టింది. అప్పటికి అధికారిక రేటు 140 దరిదాపుల్లో ఉంది. నెలల తరబడి కదలని సరుకు ఆ నెలలో వరదలా వచ్చింది.

ఈ దాచుకోవడాన్ని అత్యాశ అంటే నేను ఒప్పుకోను. 1991లో ఒక పెసోకి ఒక డాలరు అని చట్టమే చేశారు. 2001 డిసెంబరులో బ్యాంకు ఖాతాలు బిగించి, వారానికి 250 పెసోలకు మించి తీసుకోకూడదన్నారు. ఆ తర్వాత బ్యాంకుల్లోని డాలర్ డిపాజిట్లను పెసోలుగా మార్చేశారు, డాలరుకు 1.40 చొప్పున. బయట డాలరు అంతకు రెండింతలు దాటిపోయింది. కష్టార్జితం అలా కరిగిపోవడం చూసిన తరం అది. పరుపు కింద డాలర్లు, పొలంలో గింజలు దాచుకోవడం వాళ్లు అనుభవంతో నేర్చుకున్నదే.

అపోహ: పన్నులంటే దిగుమతులకే, ఎగుమతులకు ఏ దేశమైనా ప్రోత్సాహమే ఇస్తుంది

అర్జెంటీనాలో ఎగుమతికీ సుంకం ఉంది. సోయా గింజలపై చాలాకాలం 33 శాతం, నూనె మీద 31 శాతం వసూలు చేశారు. డాలర్ల కొరత ఉన్న ప్రభుత్వానికి సులువుగా చేతికందేది ఈ పంటే. 2025 జనవరిలో గింజలకు 26, నూనెకు 24.5కి తగ్గించారు. ముందు తాత్కాలికమన్నారు, జులైలో శాశ్వతం చేశారు.

ఆ సెప్టెంబరు 22న జరిగింది మా వృత్తిలో ఎవరూ మర్చిపోరు. సుంకం సున్నా అన్నారు. గడువు అక్టోబరు నెలాఖరు, లేదా నమోదయ్యే అమ్మకాలు 700 కోట్ల డాలర్లకు చేరేవరకు. మూడు రోజుల్లో ఆ హద్దు చేరిపోయింది, సుంకం తిరిగొచ్చింది. చైనా గింజలు కొంది, మన దిగుమతిదారులు నూనె పెద్ద ఎత్తున కొన్నారు. ఆ మూడు రాత్రులు నాకు నిద్ర లేదు. అయితే లాభమంతా పెద్ద ఎగుమతి కంపెనీలకు పోయిందని, తమకు అందింది తక్కువేనని రైతులు వాపోయారు. వాళ్ల బాధ న్యాయమైనదే. మూడు రోజుల్లో అమ్మకాలు నమోదు చేసే ఏర్పాట్లు కంపెనీలకున్నాయి, రైతుకెక్కడున్నాయి?

అపోహ: అదంతా రైతుల దేశం, జనం పల్లెల్లో ఉంటారు

వైశాల్యం దాదాపు 27.8 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇండియాలో ఐదింట నాలుగు వంతులకు పైనే. జనాభా మాత్రం 2022 లెక్కల్లో సుమారు 4.6 కోట్లు. మన ఆంధ్రప్రదేశ్ జనాభా అంతకంటే ఎక్కువ! అందులోనూ పదిమందిలో తొమ్మిది మందికి పైగా పట్టణాల్లోనే. రాజధాని బ్యూనస్ ఎయిర్స్, దాని శివార్లు కలిపితేనే దేశంలో మూడో వంతు జనం. పొలాలు వందల ఎకరాల్లో, పని యంత్రాలతో.

పుట్టే పిల్లల సంఖ్యా వేగంగా పడిపోతోంది. 2014లో సుమారు 7.77 లక్షల మంది పుడితే, 2023లో 4.61 లక్షలు. తొమ్మిదేళ్లలో ఇంత పతనమంటే చిన్న విషయం కాదు. మన పత్రికలు దీన్ని ఎందుకు పట్టించుకోవో నాకర్థం కాదు.

అపోహ: సోయా నూనె వాళ్ల వంటింటి నూనె

కాదు. అక్కడి వంటింట్లో ఎక్కువగా పొద్దుతిరుగుడు నూనె వాడతారు. సోయా నూనె ఎగుమతికి, బయోడీజిల్‌కు.

అపోహ: మిలే వచ్చాక ధరల సమస్య తీరిపోయింది (లేదా, దేశం నాశనమైపోయింది)

ఈ రెండు మాటలూ ఒకే రోజు వింటుంటాను. హావియెర్ మిలే 2023 డిసెంబరు 10న అధ్యక్షుడయ్యారు. వెంటనే అధికారిక డాలరును 366 పెసోల నుంచి 800కు తెచ్చారు. ఆ ఒక్క నెలలో ధరలు 25.5 శాతం పెరిగాయి. 2023 మొత్తానికి ద్రవ్యోల్బణం 211.4 శాతం, 2024లో 117.8 శాతం. 2025 మే నుంచి ఆగస్టు వరకు నెలకు 2 శాతం లోపే. పేదరికం 2024 మొదటి ఆరు నెలల్లో 52.9 శాతానికి ఎక్కి, ఏడాది తిరిగేసరికి 31.6కు దిగింది. ఇవి అక్కడి గణాంక సంస్థ ఇండెక్ లెక్కలు.

అంకెలు దిగింది నిజం. ప్రతి బుధవారం పార్లమెంటు ముందు పింఛనుదారులు నిరసనకు నిలబడుతున్నదీ నిజం. 2025లోనే ఐఎంఎఫ్ నుంచి 2,000 కోట్ల డాలర్ల కొత్త అప్పు ఒప్పందం, ఆపైన అమెరికా నుంచి మరో 2,000 కోట్ల డాలర్ల స్వాప్ (పెసోలిచ్చి డాలర్లు తెచ్చుకునే కరెన్సీ మార్పిడి ఏర్పాటు) కావలసి వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు పార్లమెంటు ఎన్నికల్లో మిలే పార్టీ గెలిచింది కాబట్టి జనం ఇంకా కొంత గడువు ఇచ్చారనే నేను అనుకుంటున్నాను. పెసోల్లో దాచుకోవడానికి మాత్రం వాళ్లింకా సిద్ధపడలేదు.

అపోహ: అక్కడి వార్త మరునాడే ఇక్కడి నూనె ప్యాకెట్ ధరలో కనిపిస్తుంది

నూనె ఎక్కువగా లోడయ్యేది మెస్సీ పుట్టిన రొసారియో చుట్టుపక్కల రేవుల్లో. అవి పరానా నది ఒడ్డున, సముద్రానికి 400 కిలోమీటర్లకు పైగా లోపల ఉంటాయి. 2021లో నదిలో నీళ్లు 77 ఏళ్లలో ఎన్నడూ లేనంతగా తగ్గితే ఓడలు నిండుగా కాకుండా తక్కువ సరుకుతోనే కదలాల్సి వచ్చింది. అంతకుముందు 2020 డిసెంబరులో నూనె మిల్లు కార్మికుల సమ్మెకు వందకు పైగా ఓడలు ఆగిపోయాయి. 2022-23 కరవులో పంట సగానికి పడిపోయి, గింజలు అమ్మే దేశమే పరాగ్వే, బ్రెజిల్‌ల నుంచి గింజలు తెచ్చుకుంది.

ఏ ఆటంకమూ లేకపోతే లోడింగుతో కలిపి కాకినాడకు నెలన్నర ప్రయాణం. పామాయిల్ అయితే మలేసియా నుంచి పది రోజుల్లోపే వస్తుంది. అందుకే సంక్రాంతి పిండివంటల నూనెకు నేను బేరం మాట్లాడేది వినాయక చవితి, దసరా రోజుల్లోనే.