చెన్నై బడుల నిధులు: వందేళ్ల పద్దుల తగువు

2025 ఫిబ్రవరిలో తమిళనాడు విద్యార్థి సంఘాలు సర్కారు బడుల డబ్బు కోసం రోడ్డెక్కాయి. బడి చదువుకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే సమగ్ర శిక్షా పథకం కింద 2024-25కి రావాల్సిన దాదాపు రూ.2,152 కోట్లను కేంద్రం ఆపేసింది. ఎంపిక చేసిన బడులను తీర్చిదిద్దే కేంద్ర పథకం పీఎం శ్రీ ఒప్పందంపై సంతకం చేయమని కేంద్రం, చేస్తే జాతీయ విద్యా విధానాన్ని నెత్తికెత్తుకున్నట్టే అని రాష్ట్రం పట్టుబట్టాయి. మే నెలలో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకిచ్చే సీట్ల ప్రవేశాలు ఆ ఏడాది ఆలస్యమయ్యాయి.

బడికి డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలన్న తగువు చెన్నైకి కొత్త కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టింది. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు. పిల్లాడికి రోజుకు ఒక్క అణా మించకూడదని లెక్క. పథకం మరో నాలుగు బడులకు పాకింది. 1922-23లో 811 మంది ఉన్న ఆ బడుల్లో 1924-25 నాటికి 1,671 మంది చేరారు. రెండేళ్లలో రెట్టింపు! అయినా ప్రాథమిక విద్యా నిధి నుంచి తిండి ఖర్చు రాయడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుపడటంతో 1925 ఏప్రిల్ 1న పథకం ఆగిపోయింది. పిల్లలు బడికి వస్తున్నారన్న సంగతి కన్నా పద్దు పేరే పెద్దదైంది.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల్లో పిల్లల చదువు వేళను రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా పూట పిల్లలు తండ్రి వృత్తి నేర్చుకోవాలంది. ఖర్చు పెంచకుండా ఎక్కువమందిని చదివించాలన్న లెక్క దాని వెనక ఉంది. జనం దాన్ని ‘కులక్కల్వి’ (కులవిద్య) అని నిలదీశారు. 1954లో కామరాజ్ వచ్చి రద్దు చేశారు. డబ్బు లేదని పేదపిల్లల చదువునే తగ్గించడం ఏ కాలంలోనూ న్యాయం కాదు.

1976లో 42వ సవరణతో విద్య రాష్ట్ర జాబితా నుంచి, కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాకు వెళ్లింది. నేటి సమగ్ర శిక్షాలో కేంద్రం వాటా 60 శాతం. అందుకే ఢిల్లీలో ఫైలు ఆగితే ఇక్కడ జీతాల దగ్గర టెన్షన్ మొదలవుతుంది.

తెలుగు మీడియం పిల్లల కష్టం ఇంకో మెట్టు కింద ఉంది. తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో నలభైమంది గానీ ఉంటే వాళ్ల భాషలో చెప్పే టీచర్ని ఇవ్వాలని 1949లోనే విద్యామంత్రుల సదస్సు తీర్మానించింది. ప్రాథమిక చదువు మాతృభాషలో అందించే ఏర్పాట్లు చేయాలంటూ 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణ చేరింది. కానీ తెలుగు టీచరమ్మ రిటైరై ఆ పోస్టు భర్తీ కాకపోతే ఏమవుతుంది? రెండు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెడతారు. మరుసటేడు కొందరు తల్లులు పిల్లల్ని ఇంగ్లీషు మీడియానికి మారుస్తారు. సంఖ్య పది కన్నా తగ్గగానే పోస్టే అక్కర్లేదంటారు. టీచరు లేకపోవడం వల్ల పిల్లలు తగ్గారా, పిల్లలు తగ్గడం వల్ల టీచరు పోయారా అని ఎవరూ అడగరు.

సర్కారు గ్రాంటుతో నడిచే ప్రైవేటు బడులైన ఎయిడెడ్ బడులదీ అదే బాధ. 1991-92 నుంచి పెట్టిన ప్రైవేటు బడికి గానీ, కొత్తగా తెరిచిన తరగతికి గానీ తమిళనాడులో గ్రాంటు లేదు. అంటే అంతకుముందు మన తెలుగు పెద్దలు కట్టిన బడుల్లో కూడా కొత్త తరగతి తెరిస్తే జీతాలు సొంతంగా ఇచ్చుకోవాల్సిందే.

కాలేజీలో చేరాక నెలకు వెయ్యి రూపాయలిచ్చే పుదుమై పెణ్ (అమ్మాయిలకు), తమిళ్ పుదల్వన్ (అబ్బాయిలకు) అనే రాష్ట్ర పథకాలు మంచివే. సర్కారు బడుల్లో ఆరు నుంచి పన్నెండు దాకా చదివినవారికి ఇస్తున్నారు. ఎయిడెడ్ బడుల్లో మాత్రం తమిళ మీడియం వాళ్లకే. ఉత్తర చెన్నైలోని అదే కొరుక్కుపేట వీధిలో, అంతే పేద ఇంట్లో పుట్టి ఎయిడెడ్ బడిలో తెలుగు మీడియం చదివిన అమ్మాయికి ఆ వెయ్యి రావు. విద్యార్థి సంఘాలు ఢిల్లీని అడిగే నిధులతో పాటు, సెయింట్ జార్జ్ కోటలోని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఈ వెయ్యి రూపాయలూ, ఖాళీగా ఉన్న తెలుగు పోస్టులూ కూడా అడగాలి.