2⁶⁷ − 1: కారణాంకాలు చూపకపోతే రుజువు కాదా?

నల్గొండ, పాలమూరు లెక్కల సార్ల మధ్య 2⁶⁷ − 1 పంచాయితీ మళ్లీ మొదలైంది. 147573952589676412927 ప్రధాన సంఖ్య కాదనాలంటే కారణాంకాలు చూపాల్సిందేనని కొందరి పట్టు. కారణాంకాలు లేకుండా ఒక పరీక్ష లెక్క చేసి చివర మిగిలే శేషం చూస్తే చాలని మిగతావాళ్ల వాదన.

ఏ ఘాతాలకు 2ⁿ − 1 ప్రధాన సంఖ్య అవుతుందో చెబుతూ ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ 1644లో ఇచ్చిన జాబితాలోకి 67 తప్పుగా దూరిన సంగతి అందరికీ తెలిసిందే. 1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ బోర్డు మీద 193707721ని 761838257287తో గుణించి చూపిన ముచ్చట క్లాసుల్లో చెప్పేదే. కారణాంకాల పక్షం చరిత్రను అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. అసలు మలుపు 27 ఏళ్ల ముందే వచ్చింది.

1876లో ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వార్డ్ లూకా ఒక్క కారణాంకమూ దొరక్కుండానే ఇది సంయుక్త సంఖ్య అని తేల్చాడు. ఆ పద్ధతికి అమెరికా గణితవేత్త లెమర్ తర్వాత ఇచ్చిన రూపమే ఇప్పుడు వాడుకలో ఉంది. 4తో మొదలుపెట్టి వర్గం చేయాలి, 2 తీసేయాలి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేస్తే, చివర సున్నా వచ్చినప్పుడే అది ప్రధాన సంఖ్య. 2⁷ − 1, అంటే 127కి శేషాలు వరుసగా 14, 67, 42, 111, 0. భాగహారం కూడా అక్కర్లేదు: 67 వర్గంలో 2 తీస్తే 4487, అది 128 × 35 + 7; 128ని 127తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి 35కి 7 కలిపితే 42. అదే 2¹¹ − 1కి తొమ్మిదో శేషం 1736, సున్నా కాదు. 2¹¹ − 1 అంటే 23 × 89 అని తెలియకపోయినా తీర్పు మారదు.

2⁶⁷ − 1కి 65 సార్లు చేస్తే సరి. కారణాంకాలు వెతకాలంటే 67కి రెట్టింపైన 134 గుణిజాలకు 1 కలిపినవన్నీ చూస్తూ పోవాలి. చిన్న కారణాంకమే 134 × 1445580 + 1.

కారణాంకాల పక్షం మాటలో నిజం లేకపోలేదు. మధ్యలో ఒక్క అంకె తప్పినా చివరి శేషం దాదాపు ఎప్పుడూ సున్నా కాదు, ప్రధాన సంఖ్య కూడా సంయుక్తంగా కనిపిస్తుంది. అందుకే శేషాలన్నీ రాయించాలి. కానీ కారణాంకాలే రుజువంటే 2¹²⁷⁷ − 1 సంగతేమిటి? 385 అంకెల ఆ సంఖ్య సంయుక్తమని తేలింది, కారణాంకం ఒక్కటీ ఇంకా దొరకలేదు.

పైగా కారణాంకాలను సరిచూసే తీరులోనే పెద్ద బోల్తా ఉంది. ఎక్సెల్ 15 అంకెల దాకానే నిలుపుకుంటుంది. దానికి 2⁶⁷, 2⁶⁷ − 1 రెండూ ఒకటే. 2⁶⁷ను 193707721తో భాగించినా 761838257287 అనే చూపిస్తుంది. 2 ఘాతాన్ని 1 తప్ప ఏ బేసి సంఖ్యా నిశ్శేషంగా భాగించదు కదా! పైథాన్‌లో 2**67 - 1 రాస్తే 21 అంకెలూ వస్తాయి. శేషం కోసం % వాడాలి. / వాడితే మళ్లీ అదే తప్పు.