దవడ పండ్లు నిటారుగా ఉండాలని ఎవరన్నారు?

దేవరకొండ

చిన్నూ, అమ్ములూ,

దవడ పండ్లు లోపలికి వాలి ఉన్నాయని క్లిప్పుల డాక్టర్ అన్నాడట, మీరు టెన్షన్ పడుతున్నారట. పెద్దవాళ్ల నోట్లో కింది దవడ పండ్లు మామూలుగానే నాలుక వైపు వాలి ఉంటాయి, పైవి బుగ్గ వైపు. కింద 6 ఏళ్లకు వచ్చేదాని కన్నా 12 ఏళ్లకు వచ్చేది ఇంకాస్త ఎక్కువ ఒరుగుతుంది. పిల్లల్లో ఈ వాలు మరీ ఎక్కువ, పెరిగేకొద్దీ కొంత నిలబడతాయి. పెద్దల కొలత మీకు అతకదు.

కొలిచే పద్ధతి లెక్కల మాస్టారిగా నాకు భలే నచ్చింది. రెండు దవడలూ ఒకే బొమ్మలో పడే ఓపీజీ ఎక్స్‌రేలో ఈ వాలు దొరకదు. బుగ్గకూ నాలుకకూ మధ్య ఉన్న మందమంతా అందులో ఒకదాని మీద ఒకటి పడిపోతుంది. సీబీసీటీ స్కాన్‌లో మిషన్ తల చుట్టూ తిరిగి వందల బొమ్మలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని కలిపితే, పన్నును అడ్డంగా కోసినట్టు తెర మీద చూడొచ్చు. పన్ను పైన నడిమి గాడి నుంచి వేర్లు చీలే చోటికి ఒక గీత, కింది దవడ ఎముక అడుగును రెండు పక్కలా తాకుతూ ఇంకో గీత. ఆ రెంటి మధ్య కోణమే వాలు. నేలను ఆధారంగా పెట్టుకుంటే తల కాస్త వంగినా లెక్క తప్పుతుంది. కొలతలో తేడా వస్తుందేమో చూడ్డానికి, కొలిచినవాళ్లే కొన్నాళ్లాగి, పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలుస్తారు.

ఇదంతా ఎందుకంటారా? కొందరికి పై దవడ ఇరుకు. అప్పుడు పై పండ్లు బయటికి, కిందివి లోపలికి మామూలు కన్నా ఎక్కువ ఒరిగి ఎలాగో కలుస్తాయి. చూస్తే పలువరుస బాగానే ఉంటుంది, లోపం ఎముకలో ఉంటుంది. సహజంగా ఎంత వాలుతాయో తెలియకుండా ఎక్కువ వాలిందని ఎలా అంటారు? అందుకే క్లిప్పులు పెట్టించుకోని, కాటు సరిగ్గా ఉన్న పెద్దవాళ్లకు వేరే అవసరానికి తీసిన స్కాన్లు తీసుకుని కొలుస్తారు.

మన నల్లగొండలో పండ్ల మాటెత్తితే ఫ్లోరైడ్ అంటారు. ఆ గోధుమరంగు మచ్చలు పన్ను తయారయ్యేటప్పుడే దాని పై పొరలో, అంటే పింగాణీలో (ఎనామెల్) పడేవి, వాలుతో వాటికి పని లేదు.

సీబీసీటీకి ఓపీజీ కన్నా రేడియేషన్ ఎక్కువ. డాక్టర్ అక్కర్లేదంటే పట్టుబట్టకండి. తీయాల్సి వస్తే మాత్రం ఆ రెండు గీతలూ తెర మీద గీసి చూపించమనండి, కోణం ఎంతొచ్చిందో నాకు ఫోన్ చేయండి.

మీ తాత