ఏసీ నీళ్లు: మన బిల్డింగుల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పెద్ద బిల్డింగుల ఏసీల్లో నీటిని చల్లబరిచే చిల్లర్లు, ఆ నీటితో గాలిని చల్లబరిచి గదులకు పంపే ఏహెచ్‌యూలు (ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లు), చిల్లర్ వేడిని నీటి ఆవిరితో బయటికి వదిలే కూలింగ్ టవర్లు చూసుకోవడం నా పని. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఏ పెద్ద ఆఫీసు బిల్డింగులో మీటింగ్ పెట్టినా ట్యాంకర్ల ఖర్చు దగ్గరికి రాగానే ఎవరో ఒకరు "ఏసీ నీళ్లన్నీ డ్రైనేజీలోకి పోతున్నాయి కదా, అవి పట్టుకుంటే ట్యాంకర్లే అక్కర్లేదు" అంటారు. వెంటనే ఇంకొకరు "అవి ఎందుకూ పనికిరావు, వాటిలో గ్యాస్ ఉంటుంది" అంటారు. రెండూ తప్పే. కృష్ణా, గోదావరి నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపు చేసి తెచ్చుకునే ఊరు మనది. అలాంటి చోట ఇంత మంచి నీటిని కాలువపాలు చేస్తుంటే నాకు బాధేస్తుంది. ఈ నీళ్ల కోసమని లెక్క చూసుకోకుండా పెట్టి, ఏడాది తిరక్కుండా మూలన పడేసిన ట్యాంకులను చూస్తే ఇంకా బాధేస్తుంది.

అపోహ: ఎండలు ముదిరితే ఏసీ నీళ్లు ఎక్కువ వస్తాయి

మన ఊరికి సంబంధించి అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఏసీ నీళ్లు వేడిలోంచి రావు, గాలిలోని తేమలోంచి వస్తాయి. ఏసీలోని చల్లటి గొట్టాల వరసను, అంటే కాయిల్‌ను, తాకిన గాలిలోని ఆవిరి నీరుగా మారి కింద ఉండే పళ్లెంలో, అంటే డ్రెయిన్ పాన్‌లో పడుతుంది. మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి, ఆ గాలి కిలోకి సుమారు 10 గ్రాముల ఆవిరి మాత్రమే ఉంటుంది. 24 డిగ్రీల దగ్గర నడిచే మన ఆఫీసు గదిలో అప్పటికే 11 గ్రాముల దాకా ఉంటుంది. అంటే బయటి గాలే లోపలి గాలికన్నా పొడిగా ఉందన్నమాట. అప్పుడు పైపులో వచ్చే కాస్త నీళ్లూ లోపల కూర్చున్న మనుషుల ఊపిరి, చెమటలోంచి వచ్చినవే.

అదే ఆగస్టులో ముసురు పట్టిన రోజున 26 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే కిలో గాలికి 19 గ్రాములు. లోపలికి తీసుకునే ప్రతి 1,000 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు) తాజా గాలికి గంటకు సుమారు 15 లీటర్లు వస్తాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా పంట, ఏప్రిల్, మేలలో దాదాపు ఎండు. ట్యాంకర్ కోసం అందరూ ఎదురుచూసే రోజుల్లో ఏసీ నీళ్లు ఆదుకుంటాయని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇక్కడే దుబాయ్ ప్రస్తావన వస్తుంది. బుర్జ్ ఖలీఫాలో ఏడాదికి సుమారు 1.5 కోట్ల గ్యాలన్లు పడతారు కదా, మనకెందుకు రావు అని. అది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, అక్కడి ఎండాకాలం గాలి తేమతో ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. మన దక్కన్ ఎండ పొడి ఎండ.

అపోహ: అయితే ఏసీ నీళ్లు పట్టే ఏర్పాటు పెట్టడం దండగే

కాదు. 1,000 మంది పనిచేసే ఆఫీసు తీసుకుందాం. మనిషికి 20 సీఎఫ్‌ఎం చొప్పున 20,000 సీఎఫ్‌ఎం తాజా గాలి. వానాకాలంలో తేమ ఎక్కువున్న రోజు గంటకు 300 లీటర్లు, పది గంటలకు 3,000 లీటర్లు. అదే సమయంలో చిల్లర్ 300 టన్నుల మీద నడుస్తుంటే కూలింగ్ టవర్‌లోంచి గంటకు సుమారు 1,900 లీటర్లు ఆవిరైపోతాయి. అంటే ఆవిరయ్యే దాంట్లో ఆరో వంతు, బిల్డింగులోనే పుట్టిన నీళ్లతో తీరుతుంది.

లీటర్ల లెక్క ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. కూలింగ్ టవర్‌లో నీళ్లు ఆవిరైనా లవణాలు అక్కడే మిగిలిపోతాయి, అవి ముదిరిపోకుండా మధ్యమధ్యలో కొంత నీటిని బయటికి వదలాలి, దాన్నే బ్లోడౌన్ అంటాం. కఠినమైన బోరు నీళ్లు వాడే చోట ఈ వదిలేసే నీళ్లు చాలా ఎక్కువ. ఏసీ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, టీడీఎస్ మీటర్ పెడితే చాలాసార్లు 50 లోపే చూపిస్తుంది. ఇవి కలిపితే టవర్ నీళ్లను ఇంకొంచెం ఎక్కువసేపు తిప్పుకోవచ్చు. లవణాలు 3 రెట్లయ్యేసరికి వదిలే నీళ్లను 5 రెట్ల దాకా ఆపగలిగితే బ్లోడౌన్ సగానికి తగ్గిపోతుంది. చిల్లర్ వేడిని టవర్ నీళ్లకు అందించే కండెన్సర్ ట్యూబుల్లో లవణాల పొర పేరుకోవడం కూడా తగ్గుతుంది. పైగా టవర్‌కు క్రిములను చంపే మందు ఎలాగూ వేస్తూనే ఉంటాం. అందుకే ఎవరు అడిగినా నేను మొదట కూలింగ్ టవరే చెప్తాను. చిల్లర్, టవర్ లేకుండా నేరుగా గ్యాస్‌తోనే చల్లబరిచే వీఆర్‌ఎఫ్ ఏసీలున్న బిల్డింగుల్లో టాయిలెట్ ఫ్లష్‌కు, ఫ్లోర్లు తుడవడానికి వాడుకోవచ్చు.

అపోహ: అందులో గ్యాస్ కలుస్తుంది, మొక్కలు చస్తాయి

ఏసీని చల్లబరిచే గ్యాస్ మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరుగుతుంది, నీళ్లు ఆ గొట్టాల బయట పుడతాయి. గ్యాస్ అంతా లీకైపోతే ఏసీ చల్లబడదు, నీళ్లే రావు. మొక్కలకు నిక్షేపంగా పోయొచ్చు, ఖనిజాలు ఉండవు కాబట్టి మామూలు నీళ్లతో కలిపి పోస్తే ఇంకా మంచిది.

అపోహ: ఇది డిస్టిల్డ్ వాటరే, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చు, తాగొచ్చు కూడా

ఇళ్లలో చాలామంది పోస్తున్నారు, దయచేసి ఆపండి. పుట్టినప్పుడు శుభ్రమైన నీరే, కానీ కాయిల్ మీద దుమ్ము, రాగి, అల్యూమినియం ఆనవాళ్లు, పాన్‌లో పేరుకున్న జిగురు, నాచు అన్నీ కలుపుకొని బయటికొస్తుంది. లోహాల ఆనవాళ్లున్న నీళ్లు బ్యాటరీని పాడుచేస్తాయి. తాగడం గురించి అసలు ఆలోచించొద్దు. బేస్‌మెంట్‌లో ట్యాంకులో రోజుల తరబడి గోరువెచ్చగా నిలవుంటే లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. తుంపర్లుగా పీల్చినప్పుడు అది ఊపిరితిత్తులకు ప్రమాదం. కాబట్టి ట్యాంకు చిన్నదిగా పెట్టి ఏ రోజు నీళ్లు ఆ రోజే ఖర్చుచేయాలి, క్లోరిన్ వేయాలి. లాన్‌కు స్ప్రింక్లర్లు వద్దు, డ్రిప్ పెట్టండి. ఆసుపత్రుల్లో అయితే ఈ నీళ్ల వాడకానికి ఎవరు ఎంత తొందరపెట్టినా నేను ఒప్పుకోను.

అపోహ: ఓ పైపు, ఓ ట్యాంకు పెడితే సరిపోతుంది

పని చెడేదంతా పైపు దగ్గరే. ఇది లవణాలు లేని, కాస్త ఆమ్ల గుణమున్న నీరు, జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపును మెల్లగా తినేస్తుంది. యూపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయండి. చల్లటి నీళ్లు కాబట్టి పైపు మీద ఇన్సులేషన్ లేకపోతే అది కూడా చెమట పట్టి ఫాల్స్ సీలింగ్‌ను తడిపేస్తుంది.

యూ-ట్రాప్, అంటే ఎప్పుడూ కాస్త నీళ్లు నిలిచి గాలిని అడ్డుకునే 'యూ' ఆకారపు వంపు, దాని సంగతి చాలామంది పట్టించుకోరు. ఎక్కువ ఏహెచ్‌యూల్లో ఫ్యాన్ కాయిల్ వెనక ఉండి గాలిని లాగుతుంది, డ్రెయిన్ పైపులోంచి కూడా లాగుతుంది. ట్రాప్ లేకపోయినా, తగినంత లోతు లేకపోయినా నీళ్లు కిందికి దిగవు, పాన్‌లోనే నిలుస్తాయి. పొద్దంతా చుక్క రాని పైపులోంచి సాయంత్రం ఏహెచ్‌యూ ఆపగానే ఒక్కసారిగా బుడబుడమని నీళ్లు వచ్చాయంటే లోపం ట్రాప్‌దే. మన ఊళ్లో ఇంకో చిక్కుంది. ఎండాకాలంలో నీళ్లు పెద్దగా రావు కాబట్టి ట్రాప్ ఎండిపోతుంది. జూన్ మొదట్లో ప్రతి ట్రాప్‌లో ఓ సీసా నీళ్లు పోసి రమ్మని ఆపరేటర్‌కు చెప్పండి. ఫ్లోర్ ఫ్లోర్‌కీ తిరగాలి, విసుగ్గానే ఉంటుంది, కానీ తప్పదు.

కాయిల్ క్లీనింగ్ రోజు కెమికల్ అంతా ఇదే పైపులోకి వస్తుంది. అందుకని ప్రతి లైనుకూ డ్రైనేజీలోకి మళ్లించే వాల్వు ఉండాలి, దాని మీద బోర్డు తెలుగులో, హిందీలో రాసి ఉండాలి.

అపోహ: టెంపరేచర్ తగ్గిస్తే ఉచితంగా ఇంకా నీళ్లు

లీటరు నీరు కాయిల్ మీద పుట్టాలంటే 0.68 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) చల్లదనం కావాలి, మంచి చిల్లర్ మీద కూడా 0.14 యూనిట్ల కరెంటు. వెయ్యి లీటర్లకు 140 యూనిట్లు. మీ టారిఫ్‌తో గుణించి, ట్యాంకర్ రేటు పక్కన పెట్టి చూడండి. మనుషుల కోసం నడిచే ఏసీలోంచి ఎలాగూ వచ్చే నీళ్లే మనవి. కరెంటు మిగులుతుందని బయటి తాజా గాలిని లోపలికి వదిలే తలుపులు, అంటే డ్యాంపర్లు, మూసేసే బిల్డింగుల్లో నీళ్లూ తగ్గుతాయి, గాలీ చెడుతుంది. అక్కడ ముందు డ్యాంపర్లు తెరిపించండి.

పైసా ఖర్చుపెట్టే ముందు జూలైలో ఓ రోజు ఒక ఏహెచ్‌యూ డ్రెయిన్ కింద బకెట్ పెట్టి, ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ గంటకు ఎంత నిండుతుందో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసుకోండి. అదే పని మళ్లీ ఏప్రిల్‌లో చేయండి. ఆ రెండు కాగితాలు తీసుకొచ్చి వెండర్‌ను కూర్చోబెట్టండి, ట్యాంకు సైజు గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.