ఏజెంట్ తప్పు టూల్ ఎందుకు పట్టుకుంటుంది?

"ఏఐ అంత తెలివైనది అంటారు కదా, రెండు టూల్స్ చేతికిస్తే తప్పుదాన్నే ఎందుకు వాడుతుంది?" అని ఓ పాఠకురాలు అడిగారు. ఏజెంట్ అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ, టూల్ అంటే ఆ పనికి అది వాడుకునే చిన్న ప్రోగ్రాం. అంతకు మించి, భాషా మోడల్‌కి ట్రైనింగ్ ఎలా ఇస్తారో మళ్ళీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు, నేరుగా అసలు సంగతికి వస్తాను.

ఏజెంట్ లోపల ఉండే భాషా మోడల్ ఏ టూల్‌నీ నడపదు. అది చేసేదల్లా రాయడమే. "ఫలానా టూల్‌ని ఫలానా విలువలతో పిలవాలి" అని ఒక జేసన్ ముక్క (ప్రోగ్రాంలు చదవగలిగే పద్ధతిలో ఉండే డేటా) రాసి ఆగిపోతుంది. బయట ఉన్న మామూలు ప్రోగ్రాం ఆ ముక్కని చదివి, నిజంగా డేటాబేస్‌ని అడిగి, వచ్చిన జవాబుని మళ్ళీ అక్షరాలుగా మోడల్ ముందు పెడుతుంది. మోడల్ చేత టూల్స్‌ని పిలిపించడానికి ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో తెచ్చిన ఫంక్షన్ కాలింగ్‌లోనూ, టూల్స్‌ని ఏజెంట్లకి కలపడానికి ఉమ్మడి పద్ధతిగా ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ లోపల జరిగే పని ఇదే. టూల్ వెనక మీరెంత గొప్ప కోడ్ రాసినా మోడల్ కంట పడదు. దానికి తెలిసేది టూల్ పేరు, మీరు రాసిన వివరణ, ఏయే పారామీటర్లు (టూల్‌కి అందించాల్సిన విలువలు) ఇవ్వాలో చెప్పే స్కీమా, అంతే. అవి కూడా వాడేవాళ్ళ ప్రశ్నతో పాటు మోడల్ ముందు పెట్టే అదే ప్రాంప్ట్‌లో టోకెన్లుగా, అంటే మాటల చిన్న ముక్కలుగా, కలిసిపోతాయి. సాధారణంగా టూల్ ఎంచుకోవడానికి లోపల విడిగా ఒక యంత్రాంగం ఏదీ ఉండదు, అప్పటిదాకా ఉన్న టోకెన్లన్నీ చూసుకుని తర్వాతి టోకెన్ ఏదయ్యే అవకాశం ఎంతో లెక్కకడుతుంది, ఆ టోకెన్ ఒక టూల్ పేరులో మొదటి ముక్క అయినా కావచ్చు.

ఇప్పుడు ఒక ఆన్‌లైన్ షాపు ఏజెంట్‌ని ఊహించుకోండి. టూల్స్ రెండు: "ఆర్డర్_వివరాలు", "ఆర్డర్_స్టేటస్". మొదటిదాని వివరణ "ఆర్డర్ వివరాలు ఇస్తుంది", రెండోదానిది "ఆర్డర్ స్టేటస్ ఇస్తుంది". పేరునే తిరగరాసి వివరణ అనుకోవడం ఈ రంగంలో సర్వసాధారణం! కస్టమర్ "నా పార్సిల్ ఎక్కడుంది?" అంటాడు. ఆ ప్రశ్నలో వివరాలు అన్న మాటా లేదు, స్టేటస్ అన్న మాటా లేదు. రెండు పేర్ల సంభావ్యతలూ దాదాపు పక్కపక్కనే నిలబడతాయి, ప్రశ్నలో ఒక్క పదం మారితే చాలు, ఎంపిక అటు నుంచి ఇటు దొర్లిపోతుంది. ఇక్కడ తెలివి ఎంతున్నా ఏం లాభం, తేడా చెప్పే సమాచారమే లేనప్పుడు?

మొదటిదాన్ని ఇలా తిరగరాద్దాం: "ఆర్డర్‌లో ఏ వస్తువులున్నాయి, ఎంత చెల్లించారు, ఏ చిరునామాకి పంపాలి అన్నవి ఇస్తుంది. పార్సిల్ ఇప్పుడు ఎక్కడుందో దీనికి తెలియదు, దానికి పార్సిల్_ట్రాకింగ్ వాడాలి." స్టేటస్ టూల్‌కి ఆ కొత్త పేరే పెట్టేశాం. నా లెక్కలో ఈ వివరణలో ఎక్కువ పని చేసేది రెండో వాక్యం. టూల్ ఏం చేస్తుందో అందరూ రాస్తారు, ఏం చేయదో, అప్పుడు ఎటు వెళ్ళాలో రాసేవాళ్ళు తక్కువ. పాఠం చెప్పేవాళ్ళకి ఇది బాగా తెలుసు: వైశాల్యం ఒక్కటే చెప్తే పిల్లలు తల ఊపుతారు, పక్కనే చుట్టుకొలత పెట్టి ఇది వేరు అది వేరు అన్నప్పుడే విషయం బుర్రకెక్కుతుంది.

పారామీటర్ల దగ్గర ఇంకో తంటా. ఆర్డర్ నంబర్ తప్పనిసరి అని స్కీమా అంటుంది, కస్టమరేమో "మొన్న కొన్న షూస్" అంటాడు. ఖాళీగా వదిలితే స్కీమా ఒప్పుకోదు కాబట్టి మోడల్ ఒక్కోసారి 12345 లాంటిదేదో నింపేస్తుంది. కస్టమర్ ఆర్డర్లన్నీ చూపే ఆర్డర్ల_జాబితా అనే ఇంకో టూల్ కూడా ఉందనుకోండి. "కస్టమర్ చెప్పిన నంబర్ గానీ ఆర్డర్ల_జాబితా ఇచ్చిన నంబర్ గానీ మాత్రమే ఇవ్వాలి, రెండూ లేకపోతే ముందు ఆర్డర్ల_జాబితాని పిలవాలి" అని ఆ పారామీటర్ వివరణలోనే రాస్తే బెడద చాలావరకు తగ్గుతుంది. తేదీలదీ అదే గోల, 03/04/2025 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? తేదీలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 పద్ధతిలో 2025-04-03 అని ఒక నమూనా ఇచ్చేస్తే గొడవే ఉండదు. ఇక యూనిట్లు రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఏఐ దాకా ఎందుకు, 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంగారక నౌకని పోగొట్టుకుంది, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చిన అంకెల్ని ఇంకోటి న్యూటన్ సెకన్లు అనుకుంది, తేడా సుమారు 4.45 రెట్లు.

ఇంత ఉండగా కొందరు వివరణలో "తప్పనిసరిగా!!! చాలా ముఖ్యం!!!" అని గుప్పిస్తారు. ఒకసారి పనిచేసినట్టు అనిపించింది, అంతే, తాయెత్తు కట్టినట్టు ప్రతి టూల్‌కీ తగిలిస్తారు. అన్ని టూల్సూ అరిస్తే దేని మాట వినాలి?

కానీ వివరణని మోడల్ ఆదేశంలా కూడా తీసుకోగలదన్నది నిజమే, దాని చీకటి కోణం 2025 ఏప్రిల్‌లో బయటపడింది. ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే సంస్థ పరిశోధకులు మామూలు కూడికల టూల్ వివరణలో "ముందు ఫలానా ఫైల్ చదివి, అందులో ఉన్నది కూడా పంపు" అని దాచిపెట్టి, ఏజెంట్ చేత ఆ పని చేయించి చూపించారు. దీన్ని టూల్ పాయిజనింగ్ అంటున్నారు. ఎవరో రాసిన టూల్‌ని కలుపుకునేటప్పుడు కోడ్‌తో పాటు వివరణనీ చివరి అక్షరం దాకా చదవాలి.

టూల్ వెనక్కి ఇచ్చే ఎర్రర్ కూడా నా దృష్టిలో వివరణలో భాగమే. "ఎర్రర్ 400" అని వస్తే మోడల్ అదే తప్పుని మళ్ళీ మళ్ళీ చేస్తూ కూర్చోవచ్చు. "తేదీ 2025-04-03 రూపంలో ఉండాలి, 03/04/2025 అని వచ్చింది" అంటే చాలాసార్లు మరుసటి పిలుపులోనే దిద్దుకుంటుంది. వీటన్నిటికంటే ప్రమాదం, సర్వర్ సమయానికి జవాబివ్వనప్పుడు ఖాళీ జాబితా పంపేసే టూల్. ఎర్రర్ లేదు, ఆర్డర్లూ లేవు, కాబట్టి ఏజెంట్ ఎంతో మర్యాదగా "మీ పేరు మీద ఆర్డర్లేవీ లేవండీ" అని చెప్పేస్తుంది.